ఒకే సీటుకు ఇద్దరు హక్కుదార్లు

ఆ రోజులు అనగానే మీరు లాంతర్లూ, ఎడ్లబండ్లూ ఊహించుకోకండి. నేను చెబుతున్నది చేతిలో స్మార్ట్‌ఫోనూ, మూతికి మాస్కూ ఉన్న ఈ మధ్యకాలపు సంగతి. అయినా మనిషి తన తెలివికి తానే మురిసిపోయే వయసు ఒకటి ఉంటుంది చూడండి, అది దాటిపోయాక అప్పటివన్నీ 'ఆ రోజులే' అవుతాయి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మస్కట్‌లో ఘాలా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి జూనియర్ స్టోర్‌కీపర్ని. బోల్టులు, గ్లౌజులు, హెల్మెట్లు లెక్కపెట్టి ఇవ్వడం నా డ్యూటీ. కానీ మా క్యాంపులో నా హోదా దానికంటే చాలా ఎక్కువ. ఇంగ్లీషులో వచ్చిన ప్రతి మెసేజీ నా దగ్గరికే వచ్చేది. 'మీ బ్యాంకు ఖాతా ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి' అని ఎవరికైనా వస్తే నేను కళ్లజోడు సవరించుకుని, 'ఇది దొంగది, డిలీట్ కొట్టు' అని తీర్పు చెప్పేవాణ్ణి. ఆన్‌లైన్ మోసాల గురించి పది జాగ్రత్తలు తెలుగులో రాసి మెస్సు గోడకు అంటించింది కూడా నేనే. (అందులో ఆరోది: 'మీ కార్డు ఫోటో ఎవరికీ పంపకండి.' దయచేసి ఇప్పుడే నవ్వకండి.)

ఆ ఏడాది క్రికెట్ ప్రపంచ కప్పులో మొదటి దశ మ్యాచ్‌లు కొన్ని మస్కట్‌కే వచ్చాయి. ఒమన్ జట్టూ బంగ్లాదేశ్ జట్టూ అమెరాత్ గ్రౌండ్‌లో ఆడతాయని తెలిసిన రోజు నుంచి మా రూములో ఇంకో మాట లేదు. మీరడగొచ్చు, ఇండియా ఆడని మ్యాచ్‌తో మీకేం పని అని. పని నాకు కాదు, మా కాకకు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్ ఆయన. ఇరవై ఏళ్లకు పైగా ఒమన్‌లోనే క్రేన్ ఎక్కుతూ దిగుతూ గడిపాడు. ఇక పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. కాగితాలన్నీ అయిపోయాయి, డ్యూటీ ఆపేశారు, మ్యాచ్ అయిన రెండో రోజున విమానం. ఆయన చివరిగా పని చేసిన సైట్ అమెరాత్‌లోనే. 'క్రేన్ మీద కూసుంటే గ్రౌండ్ పచ్చగ కనవడ్తది బిడ్డా,' అనేవాడు. 'ఉరికేటోళ్లు కనవడ్తరు. బాలే కనవడది. బాల్ లేకుంట ఎంతసేపు సూస్తవు? పిచ్చోళ్లు ఉరుకుతున్నట్టే ఉంటది. ఒక్కసారి దగ్గర కూసోని బాల్ సూడాలె. ఎవలాడితే నాకేంది, ప్రపంచ కప్పే గద!'

అలాంటి మనిషి అడిగితే కాదనేవాడెవడు? కాకకూ, నాకూ, మా కంపెనీ బస్సు నడిపే కడప భాయ్‌కీ కలిపి మూడు టికెట్ల బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను. ఇక్కడొక విషయం స్పష్టం చేయాలి. ఈ కథ ఎవరికి చెప్పినా, 'అయ్యో, అఫీషియల్ సైట్‌లో కొనాల్సింది కదా!' అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. సైట్‌కు వెళ్లలేదని ఎవరు చెప్పారండీ? అమ్మకం మొదలైన నిమిషానికి నేను సైట్‌లోనే ఉన్నాను. ఒక గుండ్రటి చక్రం తిరుగుతూ ఉంది. డ్యూటీకి వెళ్లాను, చక్రం తిరుగుతోంది. తిని వచ్చాను, తిరుగుతోంది. చివరికి ఆగి, టికెట్లు అయిపోయాయని చెప్పింది. మాస్కుల కాలం కాబట్టి సీట్లు తక్కువే ఇచ్చారు, ఒమన్‌లో బంగ్లాదేశీయులేమో ఊళ్లకు ఊళ్లే ఉన్నారు. అదంతా ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం ఆ చక్రం నన్నొక్కణ్ణే చూసి తిరిగిందని నా గట్టి నమ్మకం.

అప్పుడు దొరికాడు ఆ మహానుభావుడు, ఫేస్‌బుక్ గ్రూపులో. పేరు లేదు, 'టికెట్ మేనేజర్' అని మాత్రం ఉంది. కుటుంబంతో ఊరికి వెళ్లాల్సి వచ్చిందట, టికెట్లు మిగిలిపోయాయట, కొన్న ధరకే ఇస్తాడట. అందరిలా నేను గుడ్డిగా నమ్మానా? లేదు. 'ముందు మీ బతాకా ఫోటో పంపండి' అన్నాను. (రెసిడెంట్ కార్డును ఒమన్‌లో అందరూ బతాకా అంటారు.) వెంటనే పంపాడు. బంగారు ఫ్రేము కళ్లద్దాలు పెట్టుకుని, ఆ కార్డునే గడ్డం కింద పట్టుకున్న ఒక మలయాళీ ఇంజనీరు ఫోటో. ముఖం చూస్తే అప్పుచేసి మరీ సాయం చేసేవాడిలా ఉన్నాడు. వీడియో కాల్ అడిగితే నెట్‌వర్క్ బాగాలేదన్నాడు. మా స్టోరులో కూడా నెట్‌వర్క్ బాగుండదు కాబట్టి నాకది న్యాయంగానే తోచింది. ఆ తర్వాత అతనొక మాటన్నాడు: 'సార్, ఈ రోజుల్లో మోసాలు ఎక్కువయ్యాయి. నేను కూడా జాగ్రత్తగా ఉండాలి కదా. మీరూ మీ బతాకా పట్టుకుని ఒక సెల్ఫీ పంపండి.'

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు నాలాంటి జాగ్రత్తపరుడు ఇంకొకడు దొరికాడు! స్టోరు బయటికి వెళ్లి, మంచి వెలుతురు చూసుకుని, కంపెనీ పేరున్న యూనిఫాం చొక్కా గుండీలు సరిచేసుకుని, బతాకాను గడ్డం కింద పట్టుకుని, పళ్లు కనబడేలా నవ్వుతూ సెల్ఫీ తీసుకున్నాను. మొదటిది కొంచెం మసకగా వచ్చిందని రెండోది కూడా తీసి పంపాను. డబ్బు పంపిన గంటకే మూడు టికెట్లు వచ్చాయి. 'కె' వరుస, నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. కాక వాటిని కలర్‌లో ప్రింటు తీయించి, రూవీ బజారుకు పోయి లామినేషన్ చేయించుకొచ్చాడు. 'ఊర్ల సూపెట్టాలె,' అన్నాడు. ఆ సంతోషం చూసి నేను మెస్సులో రెండు రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు, శుక్రవారం. సెలవు రోజు కాబట్టి పప్పుచారు పొయ్యి మీద మరుగుతోంది, నేను ఉల్లిపాయలు కోస్తున్నాను. తలుపు దగ్గర ఎవరో బక్కపల్చటి మనిషి నిలబడ్డాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఫోన్ చేతిలో పట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూస్తున్నాడు. ఫోన్ నా ముందుకు తిప్పి, 'ఏ తుమ్ హై?' అన్నాడు. చూస్తే నా సెల్ఫీ. ఎంత బాగా వచ్చానో! మా కంపెనీవాళ్లు ఎక్కడో వేశారేమో, ఏదైనా అవార్డు ఇచ్చారేమో అనుకుని, 'హా, మైఁ హీ హూఁ' అని ఆ సెల్ఫీలోలాగే నవ్వాను. ఆ నవ్వు పూర్తి కాకముందే నా కాలర్ అతని పిడికిట్లో ఉంది.

అతను సూర్ అనే ఊళ్లో దర్జీ. ఒమనీలు తొడుక్కునే పొడుగు అంగీలు, దిష్‌దాషాలు కుట్టే కొట్టు. బంగ్లాదేశ్‌వాడు. షేర్ ట్యాక్సీలో రెండు గంటలు ప్రయాణం చేసి, నా యూనిఫాం మీది కంపెనీ పేరు పట్టుకుని, క్యాంపు క్యాంపూ అడుగుతూ వచ్చాడు. టికెట్ కొన్నాక అనుమానం వచ్చి ఫోన్ చేస్తే 'మేనేజర్' ఎత్తడం లేదట. అతనికి మేనేజర్ పంపిన బతాకా ఏదనుకున్నారు? నాదే! గడ్డం కింద పట్టుకుని, పళ్లు బయటపెట్టి, నేనే! దొంగ నా ముఖం తగిలించుకుని ఒమన్ అంతా తిరుగుతున్నాడు. బంగారు ఫ్రేము కళ్లద్దాల ఇంజనీరు కూడా నాలాగే గడ్డం కింద కార్డు పట్టుకున్న ఇంకో వెర్రివాడని అప్పుడు తెలిసింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మోసపోయినవాణ్ణి నేనైతే, నన్నే దొంగ అంటాడా? నేనూ అతని చొక్కా పట్టుకున్నాను. (ఉల్లిపాయల చేత్తో పట్టుకోవడం వల్ల ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. చూసేవాళ్లకు అన్నదమ్ములు చాలాకాలానికి కలుసుకున్నట్టుంది.)

కడప భాయ్ మధ్యలో దూరి ఇద్దర్నీ విడదీశాడు. 'ఏందప్పా ఇది, అన్నం తినే యాళకు! కూచోని మాట్లాడండి,' అని దర్జీని మంచం మీద కూర్చోబెట్టి, ఉర్దూలో సముదాయించాడు. నేను నా నిజాయితీ నిరూపించుకోవడానికి లామినేషన్ చేసిన టికెట్లు తెచ్చి అతని ముందు పడేశాను. 'చూడు! దొంగనైతే నేనెందుకు టికెట్లు కొంటాను?' అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. కె వరుస, నలభై రెండు.

'నలభై రెండు నాది!' అన్నాను.

'మేరా హై!' అన్నాడు.

'ముందు కొన్నది నేను!'

'హమ్ పైసా దియా హై!'

మేమిద్దరం ఆ సీటు కోసం అయిదు నిమిషాలు దెబ్బలాడుకున్నాం. నాది లామినేషన్ చేసింది కాబట్టి నాదే అసలని నేను వాదించాను కూడా. చివరికి కడప భాయ్ నడుము మీద చేతులు పెట్టుకుని, 'ఒరే అబ్బీ, మ్యాచ్ నాడు ఒకరి వొళ్లో ఒకరు కూచుందురుగానీ లే! వాడు ఇద్దరికీ లేని సీటు అమ్మినాడు, మీరు లేని సీటు కోసరం కొట్లాడుకుంటాండారు. గోడ మీద పది జాగ్రత్తలు రాసినోడివి, ఒక్కటన్నా నువ్వు చదివినావా?' అన్నాడు. అప్పటిదాకా మూల కూర్చుని అంతా వింటున్న కాక లేచి వెళ్లి ఆ మూడు టికెట్లనూ తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టని మనిషి మీద కోప్పడడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

పప్పుచారు తిన్నాక (దర్జీ కూడా తిన్నాడు, కోపంగానే తిన్నాడు, రెండోసారి పెట్టించుకున్నాడు) కడప భాయ్ మమ్మల్నిద్దర్నీ పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. అక్కడి ఆఫీసరు చిన్నవయసు ఒమనీ, హిందీ చక్కగా మాట్లాడతాడు. దర్జీ ఫోన్ చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోన్ చూసి, 'ఇంత హరామీ?' అన్నాడు. అరబ్బీలో, నువ్వేనా దొంగవు అని! అదీ ఎంత మామూలుగా! నా జీవితంలో ఒక పెన్సిలైనా దొంగిలించి ఎరుగను. స్టోరులో ఒక బోల్టు తక్కువైతే రాత్రి నిద్రపట్టనివాణ్ణి. ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ మూడూ ఒకేసారి మరిచిపోయాను. అప్పుడు మాట్లాడింది ఎవరనుకున్నారు? గంట క్రితం నా కాలర్ పట్టుకున్న దర్జీ. చేతులు జోడించి, 'నహీఁ సాబ్, హరామీ నహీఁ. ఏ గధా హై. హమ్ భీ గధా హై,' అన్నాడు.

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఇద్దరి టికెట్ల ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసి, తను ఆ గ్రౌండ్‌కు ఎన్నోసార్లు వెళ్లాననీ, అక్కడ కె వరుసే లేదనీ చెప్పి మళ్లీ నవ్వాడు. తర్వాత మాత్రం శ్రద్ధగా అన్నీ రాసుకున్నాడు. ఫోన్ నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా, మెసేజీలు. నా బతాకా దుర్వినియోగం అయిందని నా పేరు మీద వేరే ఫిర్యాదు తీసుకుని, బ్యాంకుకూ కంపెనీకీ వెంటనే చెప్పమన్నాడు. వచ్చేటప్పుడు, 'టికెట్లు అఫీషియల్ సైట్‌లోనే కొనండి. వెళ్లలేనివాళ్లవి తిరిగొస్తే మళ్లీ పెడతారు, చూస్తూ ఉండండి,' అన్నాడు. ఆ మాట నాకు! పది జాగ్రత్తల్లో మొదటిదే అది! నేను గాడిదనని సర్కారు రికార్డుల్లోకి ఎక్కినందుకు బాధపడాలో, దొంగను కానని తేలినందుకు సంతోషించాలో తేలక, దారి పొడుగునా దర్జీతో మాట్లాడలేదు. అతను మాత్రం సూర్ ట్యాక్సీ ఎక్కేముందు నా నంబరు తీసుకుని, 'మిలే తో బోల్‌నా, భాయ్' అన్నాడు. దొరికితే చెప్పాలట. ఎంత ధైర్యం!

ఇక అక్కడి నుంచి నాది ఒకటే పని. శనివారం, ఆదివారం స్టోరు కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని ఆ సైట్‌ను నొక్కుతూనే ఉన్నాను. నొక్కి నొక్కి బొటనవేలు వాచింది. ఎనిమిది నంబరు బోల్టులు అడిగినవాడికి పన్నెండు ఇచ్చాను, గ్లౌజులు అడిగినవాడికి రెండూ ఎడమ చేతివే ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నం అన్నానికి లేస్తుండగా, తిరుగుతున్న చక్రం ఆగి రెండు టికెట్లు చూపించింది. రెండే. వెంటనే కొన్నాను. ఈసారి బ్యాంకు మెసేజీ వచ్చింది, సైట్ నుంచి మెయిల్ వచ్చింది, అసలైన కోడ్ వచ్చింది. రూముకు పరుగెత్తి, 'కాకా! దొరికినయి! మనిద్దరం పోతున్నం!' అని అరిచాను.

కాక ముఖం వెలిగింది. ఒక్క క్షణమే. 'మరి ఆ దర్జీకి?' అన్నాడు.

'రెండే దొరికినయి కాకా.'

కాక మెల్లగా, 'ఆడేది ఆయన దేశం గద బిడ్డా. మనం ఊకె సూడవోతున్నం. ఆయనకైతే ఇంటోళ్లు ఆడుతున్నట్టు,' అన్నాడు.

నేను ఊరుకోలేదు. కాలర్ పట్టుకున్న సంగతి చెప్పాను, పోలీసుల ముందు గాడిద అన్న సంగతి చెప్పాను, వాచిన బొటనవేలు చూపించాను. రెండు రోజులు ఒళ్లు దాచుకోకుండా నొక్కింది నేను, సూర్‌లో చల్లగా కూర్చుని గుండీలు కుట్టుకుంటున్నవాడికి టికెట్టా? ఎక్కడి న్యాయం ఇది? కాక అంతా విని, 'అయితే నాది ఆయనకియ్యి. నేను క్రేన్ మీదికెల్లి సూసిన, నాకు సాలు,' అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది త్యాగం అనుకునేరు. కాదండీ. పచ్చి మొండితనం. ఇరవై ఏళ్లలో ముగ్గురు ఫోర్‌మెన్లు ఆ మొండితనంతో వేగలేక బదిలీ చేయించుకున్నారని కడప భాయ్ తర్వాత చెప్పాడు. ఆ సైట్‌లో టికెట్‌ను ఇంకొకరి పేరుకు మార్చే పద్ధతి ఉంది. లేకపోతే ఎంత బాగుండేది! సాయంత్రం దాకా మనసులో అందర్నీ తిట్టుకుని, చివరికి దర్జీకి ఫోన్ చేశాను. 'ఒకటి ఉంది' అన్నాను. అది నాదని చెప్పలేదు. అవతల కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది. లైన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

మ్యాచ్ రోజు సాయంత్రం కడప భాయ్ అమెరాత్ సైట్ నుంచి మనుషుల్ని తెచ్చి క్యాంపులో దింపేసి, ఖాళీ బస్సులో మమ్మల్ని గ్రౌండ్‌కు తీసుకెళ్లాడు. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు రంగు వేసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు. దర్జీ ఒంటి నిండా ఆకుపచ్చ, బుగ్గలకు ఎరుపు. గేటు దగ్గర యంత్రం ఇద్దరి ఫోన్లకూ 'కీచ్' మని పచ్చ లైటు చూపించినప్పుడు, బయట కంచె పట్టుకుని చూస్తున్న నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, ఒకటి, రెండు. కాక లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. దర్జీ చెయ్యి పట్టుకుని, దాదాపు పరుగెత్తాడు.

మేమిద్దరం పార్కింగ్‌లో. భాయ్ బస్సులో సీటు వాల్చుకుని పడుకున్నాడు. నేను మాత్రం బస్సు చుట్టూ తిరుగుతూ, దొంగను, సైట్‌ను, దర్జీని, కాకను వరుసగా తిడుతూ గడిపాను. గ్రౌండ్‌లో కేకలు ముందు వినబడేవి, నా ఫోన్‌లో బంతి ఆ తర్వాత పడేది. కేక వినగానే సిక్సరా, వికెట్టా అని ఊహించడం, తర్వాత ఫోన్‌లో చూసి తప్పని తెలుసుకోవడం. ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. 'లోపలికొచ్చి కూచో అబ్బీ, నువ్వు తిరిగితే వికెట్లు పడవు,' అన్నాడు భాయ్. నేను వెళ్లలేదు. కోపం వచ్చినప్పుడు కూర్చోవడం ఆ రోజుల్లో నాకు చేతనయ్యేది కాదు.

బంగ్లాదేశ్ గెలిచింది. దర్జీ బయటికి వచ్చి నన్ను గట్టిగా కావలించుకుని బెంగాలీలో ఏదో చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఈసారి తిట్లు కావని తెలిసింది. కాక మాత్రం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కొండదారి దిగుతున్నప్పుడు మొదలుపెట్టాడు. 'బాల్ సప్పుడైతది బిడ్డా. మనకు తెల్వదు గని, గాలిల పోయేటప్పుడు సుయ్యిమని సప్పుడైతది,' అన్నాడు. అంతే, ఘాలా వచ్చేదాకా ఆపలేదు. ఎవరి పేర్లూ తెలియవు. 'గడ్డపోడు', 'పొడుగోడు', 'ఎడమచేతోడు' అంటూ బంతి బంతికీ మ్యాచ్ అంతా చెప్పాడు. మధ్యలో లేచి, నడుస్తున్న బస్సులో క్యాచ్ పట్టి చూపించబోయి భాయ్ సీటు మీద పడ్డాడు. రెండు రోజుల తర్వాత విమానాశ్రయంలో కూడా, బ్యాగులు తూకం వేస్తుంటే, మిగిలిపోయిన ఓవరేదో చెబుతున్నాడు.

పోయిన డబ్బు రాలేదు. ఆ ఖాతాను ఆపేశారని పోలీసులు చెప్పారు, దొంగ దొరికాడో లేదో నాకు తెలియదు. మూడు నెలలపాటు ఎవరెవరో నా ఫోటో చూసి, కంపెనీ నంబరుకు ఫోన్ చేసి నన్ను తిట్టారు. కంపెనీ నాకొక హెచ్చరిక లేఖ కూడా ఇచ్చింది, అది ఇంకా నా ఫైల్లో ఉందట. తలుచుకుంటే ఈ క్షణం కూడా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నేను ఒమన్ దక్షిణ కొసన రైసూత్ పోర్టు దగ్గర పెద్ద స్టోరుకు ఇన్‌ఛార్జిని. కింద నలుగురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. క్రికెట్ మాటలు వచ్చినప్పుడు వాళ్లు, 'అన్నా, నువ్వు ప్రపంచ కప్పు మ్యాచ్ చూసినవంట గదా?' అని అడుగుతారు. 'చూసిన' అంటాను. ఎడమచేతోడు కొట్టిన దెబ్బ దగ్గర నుంచి మొదలుపెట్టి, బంతి గాలిలో చేసే చప్పుడుతో సహా అంతా చెబుతాను. అబద్ధమే. కానీ చెబుతున్నప్పుడు నాకు గ్రౌండ్ కనబడదు. ఆ పార్కింగ్‌లో ఖాళీ బస్సు చుట్టూ చేతులు ఊపుకుంటూ తిరుగుతున్న ఒక బక్క కుర్రాడు కనబడతాడు. ఎంత కోపం పాపం వాడికి! పిలిచి కాసిన్ని మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.